సుహైలి మరియు జాషువా (తెరచాప పడవలు)

సుహైలి మరియు జాషువా అనునవి 20వ శతాబ్దపు సముద్రయాన చరిత్రలో ప్రసిద్ధి పొందిన రెండు తెరచాప పడవలు. రెండూ దూరప్రయాణాల కొరకు, వాటిలోనే నివసిస్తూ నెలల తరబడి సముద్రంపై గడపడం కొరకు నిర్మింపబడినవి. మొదటిది బొంబాయిలో టేకు కలపతో నిర్మించిన 32 అడుగుల పడవ. దాని యజమాని ఆంగ్ల నావికుడు రాబిన్ నాక్స్-జాన్‌స్టన్. రెండవది ఫ్రాన్సులో ఉక్కుతో నిర్మించిన 39 అడుగుల పడవ. దాని యజమాని ఫ్రెంచి నావికుడు, రచయిత బెర్నార్ మ్వాతెస్యే. 1968-69 లో ఈ రెండు పడవలు ఒక్కొక్క మనిషితో ఒకే పోటీలో పాల్గొని, ఒకే మహాసముద్రాలను దాటినవి. అందువలన దూరప్రయాణపు పడవలలో వేగము, సౌకర్యము, నివాసయోగ్యత అను మూడు గుణాలను పోల్చి చూడడానికి ఇవి చక్కని ఉదాహరణలు. వీటిలో జాషువా స్పష్టంగా వేగవంతమైనది. కాని పోటీని పూర్తిచేసినది సుహైలి మాత్రమే. ఈ రెండు విషయాలూ ఎట్లు పొసగినవో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశము.

దూరప్రయాణపు పడవ లక్షణాలు

తెరచాప పడవలను స్థూలంగా పందెపు పడవలు, దూరప్రయాణపు పడవలు అని రెండు విధాలుగా చెప్పవచ్చును. పందెపు పడవ తేలికగా ఉండాలి; దానిని నడిపేవారు ఎంత కష్టమైనా కొద్ది రోజులు ఓర్చుకొంటారు. దూరప్రయాణపు పడవ అట్లు కాదు. అది వాహనమే కాక ఇల్లు కూడా. అందులో వంట చేసుకోవాలి, నిద్రపోవాలి, నెలలకు సరిపడే నీరు, ఆహారం, పనిముట్లు దాచుకోవాలి. అలసిన మనిషి చుక్కాని వదలి నిద్రపోయినా పడవ తన దారిన తాను పోగలగాలి. ఏదైనా విరిగితే తీరానికి వందల మైళ్ళ దూరంలో ఉన్న మనిషి తన చేతులతోనే బాగుచేసుకోగలగాలి.

ఈ వ్యాసంలో వాడిన కొన్ని మాటలకు అర్థాలు: పడవ ముందు కొసను అణియం అని, వెనుక కొసను అమరం అని అంటారు. పడవ అడుగున వెన్నెముక వలె పొడవునా ఉండే భాగము కీల్. దానికి బరువు చేర్చడం వలన గాలి తాకిడికి పక్కకు వంగిన పడవ మరల నిటారుగా లేస్తుంది. పడవ నీటిలో తేలుతున్నపుడు నీటి మట్టం వద్ద కొలిచే పొడవు నీటిగీత పొడవు. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లకు సమానం. ఈ వ్యాసంలో మైళ్ళు అన్నచోట నాటికల్ మైళ్ళుగా గ్రహించాలి.

పోటీ నేపథ్యం

1968 లో లండన్‌లోని సండే టైమ్స్ పత్రిక గోల్డెన్ గ్లోబ్ అను పేరుతో ఒక పోటీని ప్రకటించింది. ఎక్కడా ఆగకుండా, ఎవరి సహాయమూ పొందకుండా, ఒంటరిగా తెరచాప పడవపై భూమిని చుట్టి రావడం ఈ పోటీ నియమము. అప్పటికి ఆ పనిని ఎవరూ చేయలేదు. పోటీదారులందరూ ఒకే రోజున బయలుదేరనక్కరలేదు. 1968 జూన్ 1, అక్టోబరు 31 తేదీల మధ్య ఎప్పుడైనా బయలుదేరవచ్చును. మొదట తిరిగివచ్చినవారికి గోల్డెన్ గ్లోబ్ బహుమతి, అతి తక్కువ రోజులలో ప్రయాణం పూర్తిచేసినవారికి 5,000 పౌండ్ల నగదు బహుమతి నిర్ణయించారు. దారి అట్లాంటిక్ మహాసముద్రంలో దక్షిణంగా సాగి, ఆఫ్రికాలోని గుడ్ హోప్ అగ్రం, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌ల దక్షిణ భాగాలు, దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్ మీదుగా తిరిగి అట్లాంటిక్‌కు చేరుతుంది. మొత్తం తొమ్మిది మంది బయలుదేరారు.

సుహైలి నిర్మాణం

నాక్స్-జాన్‌స్టన్ వాణిజ్య నౌకలలో అధికారిగా పనిచేస్తూ 1960ల తొలి సంవత్సరాలలో బొంబాయి కేంద్రంగా ఉండేవాడు. అక్కడి కొలాబా వర్క్‌షాపులో ఈ పడవను కట్టించుకొన్నాడు. దీని నమూనా అమెరికన్ రూపకర్త విలియం అట్కిన్ గీసిన ఎరిక్ అను పాత నమూనా. దాని మూలం నార్వే దేశంలో కోలిన్ ఆర్చర్ రూపొందించిన ప్రాణరక్షక పడవలలో ఉన్నది. ఆ పడవలు తుఫానులో చిక్కుకొన్న జాలరులను ఆదుకోవడానికై ఉద్దేశింపబడినవి కనుక, వేగం కంటె దృఢత్వానికి వాటిలో ప్రాధాన్యం ఎక్కువ. ముందువైపు వలెనే వెనుకవైపు కూడా కొనదేలి ఉండడం వాటి ముఖ్య లక్షణం.

సుహైలిని భారతీయ వడ్రంగులు బాడిత, బరమా వంటి చేతి పనిముట్లతో టేకు కలపను చెక్కి తయారుచేశారు. 1964 డిసెంబరు 19న అణియంపై కొబ్బరికాయ కొట్టి పడవను నీటిలోకి దించారు. అరబ్బు నావికులు పర్షియన్ సింధుశాఖలో వీచే ఆగ్నేయపు గాలికి పెట్టిన పేరు సుహైలి. అదే ఈ పడవకు పేరయినది. 1965 చివరలో బొంబాయి నుండి బయలుదేరి, ఆఫ్రికా తూర్పు తీరం మీదుగా, కేప్ టౌన్ దాటి 1967 లో ఇంగ్లండు చేరింది. ఆ విధంగా పోటీ నాటికే దాని గుణదోషాలు యజమానికి బాగుగా తెలుసు. పోటీకై మరింత పెద్ద కొత్త పడవను కట్టించవలెనని అతడు ప్రయత్నించి, డబ్బు సమకూడక, ఉన్న పడవతోనే బయలుదేరాడు.

జాషువా నిర్మాణం

మ్వాతెస్యే 1925 లో హనోయిలో జన్మించి, నాటి ఫ్రెంచి ఇండోచైనాలో పెరిగాడు. జాషువాకు ముందు అతనికి మరీ-తెరేజ్, రెండవ మరీ-తెరేజ్ అను రెండు కొయ్య పడవలు ఉండేవి. మొదటిది 1952 లో హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవుల వద్ద, రెండవది 1958 లో కరీబియన్ సముద్రంలో తీరపు రాళ్ళకు తగిలి నాశనమైనవి. రెండుసార్లు సర్వస్వం పోగొట్టుకొన్న ఈ అనుభవమే అతనిని ఉక్కు వైపు మళ్ళించినది.

అతడు వ్రాసిన మొదటి పుస్తకాన్ని చదివిన జాఁ ఫ్రికో అను కర్మాగార యజమాని, కేవలం ఉక్కు ఖరీదుకే పడవ దేహాన్ని తయారుచేసి ఇస్తానని ముందుకు వచ్చాడు. మధ్య ఫ్రాన్సులో సముద్రానికి చాలా దూరంగా ఉన్న షొఫాయ్ అను ఊరిలో ఈ పని జరిగినది. జాఁ క్నోకే దీని రూపకర్త. 1962 లో పడవ సిద్ధమైనది. ఒంటరిగా భూమిని మొదట చుట్టివచ్చిన జాషువా స్లోకం పేరును దీనికి పెట్టారు. డబ్బు తక్కువగా ఉన్నందున తెరచాప కొయ్యలుగా మొదట టెలిగ్రాఫ్ స్తంభాలనే నిలిపారు. 1965-66 లో మ్వాతెస్యే, అతని భార్య ఫ్రాన్స్వాజ్ ఈ పడవపై తాహితి నుండి కేప్ హార్న్ మీదుగా స్పెయిన్ వరకు 14,216 మైళ్ళు ఎక్కడా ఆగకుండా 126 రోజులలో ప్రయాణించారు.

ముఖ్య వివరాలు

| అంశము | సుహైలి | జాషువా |
|---|---|---|
| రూపకర్త | విలియం అట్కిన్ (ఎరిక్ నమూనా) | జాఁ క్నోకే |
| నిర్మించిన చోటు | బొంబాయి, భారతదేశం | షొఫాయ్, ఫ్రాన్సు |
| నీటిలోకి దించిన సంవత్సరం | 1964 | 1962 |
| దేహము | టేకు కలప | ఉక్కు |
| పొడవు | 9.88 మీటర్లు | 12.07 మీటర్లు |
| వెడల్పు | 3.38 మీటర్లు | 3.68 మీటర్లు |
| నీటిలోతు | 1.68 మీటర్లు | 1.60 మీటర్లు |
| తెరచాపల అమరిక | కెచ్ | కెచ్ |

పైన చెప్పిన కెచ్ అను అమరికలో రెండు కొయ్యలుంటాయి. ముందుది పెద్దది, వెనుకది చిన్నది. చాపల విస్తీర్ణం ఎక్కువ భాగాలుగా విడిపోవడం వలన ఒక్కొక్క చాప చిన్నదై, ఒంటరి మనిషి దానిని సులభంగా దించగలడు, ఎత్తగలడు. గాలి హెచ్చినపుడు మధ్యలోని పెద్ద చాపను దించివేసి ముందు, వెనుక చాపలతో పడవను సమతూకంగా నడపవచ్చును. రెండు పడవలకూ పొడవైన కీల్, కొనదేలిన అమరం, దానికి బయట తగిలించిన చుక్కాని ఉన్నవి. అనగా ఇవి ఒకే కుటుంబానికి చెందినవని చెప్పవచ్చును. ముఖ్యమైన తేడాలు పొడవు, బరువు, దేహపు పదార్థము. సుహైలి కంటె జాషువా 2.19 మీటర్లు పొడవైనది, కాని వెడల్పులో తేడా 30 సెంటీమీటర్లు మాత్రమే. అందువలన జాషువా సన్నగా సాగినట్లు, సుహైలి పొట్టిగా గుండ్రనైనట్లు కనిపిస్తాయి.

వేగము

నీటిలో మునిగి నడిచే బరువైన పడవ వేగానికి ఒక సహజమైన హద్దు ఉన్నది. పడవ కదలినపుడు అణియం వద్ద ఒక అల లేస్తుంది. వేగం పెరిగినకొద్దీ ఆ అల పొడవు కూడా పెరుగుతుంది. అల పొడవు పడవ నీటిగీత పొడవుతో సమానమైనపుడు, పడవ తాను సృష్టించిన అలల మధ్య గుంటలోనే చిక్కుకొంటుంది. అక్కడి నుండి ఎంత గాలి ఉన్నా వేగం పెద్దగా పెరగదు. ఈ హద్దును లెక్కించడానికి నీటిగీత పొడవును అడుగులలో తీసుకొని, దాని వర్గమూలాన్ని 1.34 తో హెచ్చిస్తారు. సుహైలి నీటిగీత పొడవు 28 అడుగులు. కనుక దాని హద్దు గంటకు సుమారు 7.1 మైళ్ళు. నీటిగీత 34 అడుగులున్న పడవకు ఇది 7.8 మైళ్ళు అవుతుంది. చూడడానికి తేడా చిన్నదే అయినా నెలల తరబడి ప్రయాణంలో అది వేల మైళ్ళుగా పేరుకొంటుంది.

పోటీలోని లెక్కలు దీనిని నిరూపిస్తాయి. సుహైలి 1968 జూన్ 14న ఇంగ్లండులోని ఫాల్మత్ నుండి బయలుదేరి 1969 జనవరి 17న కేప్ హార్న్ దాటింది. అందుకు పట్టినది 217 రోజులు. జాషువా 1968 ఆగస్టు 22న ప్లిమత్ నుండి బయలుదేరి 1969 ఫిబ్రవరి 5న కేప్ హార్న్ దాటింది. అందుకు పట్టినది 167 రోజులు. సరిగా 50 రోజుల తేడా. బయలుదేరేటప్పుడు రెండు పడవల మధ్య 69 రోజుల ఎడం ఉండగా, కేప్ హార్న్ వద్దకు వచ్చేసరికి అది 19 రోజులకు తగ్గిపోయినది.

మొత్తం ప్రయాణంలో సుహైలి 30,123 మైళ్ళను 312 రోజులలో పూర్తిచేసింది. సగటున రోజుకు సుమారు 97 మైళ్ళు, అనగా గంటకు 4 మైళ్ళు. ఇది మనిషి వడివడిగా నడిచే వేగం కంటె కొంచెమే ఎక్కువ. జాషువా తన మొత్తం ప్రయాణంలో 37,455 మైళ్ళను సుమారు 303 రోజులలో దాటింది. సగటున రోజుకు సుమారు 124 మైళ్ళు.

జాషువా వేగానికి పొడవు ఒక్కటే కారణం కాదు. బయలుదేరేముందు ప్లిమత్‌లో మ్వాతెస్యే పడవలోని యంత్రాన్ని, లంగరు లాగే పరికరాన్ని, చిన్న పడవను, నాలుగు లంగర్లను, గొలుసులను, రంగు డబ్బాలను ఒడ్డుకు దింపివేశాడు. పడవ తేలికైనకొద్దీ అలలపైకి సులభంగా లేస్తుందని, వేగంతోపాటు భద్రత కూడా పెరుగుతుందని అతని అభిప్రాయం.

తుఫానులో నడక

దక్షిణ మహాసముద్రంలో అలలకు అడ్డుగా భూభాగమేదీ లేదు. అందువలన అక్కడి అలలు చాలా ఎత్తుగా పెరుగుతాయి. వెనుక నుండి తరుముకొని వచ్చే అల పడవను అతివేగంగా ముందుకు తోస్తే, పడవ అణియం నీటిలో గుచ్చుకొని తలక్రిందులు కావచ్చును. లేదా పక్కకు తిరిగి బోర్లాపడవచ్చును. ఈ ప్రమాదాన్ని ఎదుర్కొనడంలో ఇద్దరు నావికులూ రెండు భిన్నమైన పద్ధతులను అనుసరించారు.

నాక్స్-జాన్‌స్టన్ పొడవైన లావు తాళ్ళను అమరం నుండి సముద్రంలోకి వదిలేవాడు. ఆ తాళ్ళు నీటిలో ఈడ్చుకొంటూ వచ్చి పడవ వేగాన్ని తగ్గించి, అమరాన్ని అలలకు ఎదురుగా నిలిపేవి. కొనదేలిన అమరం అలను రెండుగా చీల్చివేసేది. ఈ స్థితిలో అతడు లోపలికి వెళ్ళి పడుకోగలిగేవాడు. నెమ్మదిగా నడిచే, గుండ్రని సుహైలికి ఈ పద్ధతి బాగుగా సరిపోయినది.

మ్వాతెస్యే కూడా 1965-66 ప్రయాణంలో మొదట బరువులు కట్టిన తాళ్ళను వదిలి చూశాడు. కాని వాటి వలన జాషువా చుక్కానికి లొంగక, అలలు దానిపై విరిగిపడసాగినవి. చివరకు అతడు తాళ్ళను కోసివేసి పడవను స్వేచ్ఛగా పరుగెత్తనిచ్చాడు. ప్రతి అల వచ్చేటప్పుడు దానిని నేరుగా కాక కొంచెం ఏటవాలుగా అందుకొనే విధంగా చుక్కాని తిప్పాడు. అర్జెంటీనా నావికుడు వీటో డుమాస్ 1940లలో ఈ విధంగానే నడిపాడు. ఇది వేగవంతమైన పడవకు తగిన పద్ధతి. కాని దీనికి చుక్కాని వద్ద మెలకువతో ఉండే మనిషి అవసరం.

పడవకు తగిన పద్ధతి పడవను బట్టి ఉంటుందని ఈ రెండు అనుభవాలు తెలుపుతున్నవి. ఒకదానిని కాపాడిన తాళ్ళే రెండవదానికి ప్రమాదం తెచ్చినవి.

కదలిక మరియు శారీరక సౌకర్యం

రేవులో లంగరు వేసి ఉన్నప్పటి సౌకర్యం వేరు, నడిసముద్రంలో సౌకర్యం వేరు. రేవులో వెడల్పైన గది, పెద్ద కిటికీలు, ఎక్కువ పడకలు సుఖంగా తోస్తాయి. సముద్రంలో అదే వెడల్పైన గదిలో పడవ ఊగినపుడు మనిషి ఈ మూల నుండి ఆ మూలకు విసరివేయబడతాడు. అక్కడ చేతికందే పట్టుకొమ్మలు, ఒళ్ళు ఇమిడే ఇరుకైన పడక, కాళ్ళు నిలదొక్కుకొనే వంట మూల సుఖాన్నిస్తాయి.

తేలికైన, వెడల్పైన పడవ ప్రతి అలకూ చటుక్కున ఎగిరిపడుతుంది. బరువైన, పొడవైన కీల్ గల పడవ నెమ్మదిగా లేచి నెమ్మదిగా దిగుతుంది. ఈ తేడా ఒక పూటలో తెలియకపోవచ్చును. నెలల ప్రయాణంలో మాత్రం నిద్ర, జీర్ణశక్తి, ఆలోచన అన్నీ దీనిపై ఆధారపడతాయి. ఈ విషయంలో రెండు పడవలూ బరువైనవే కనుక మంచివే. సుమారు 13 టన్నుల బరువు, ఎక్కువ పొడవు గల జాషువా అలలను మరింత నిలకడగా దాటేది. పొట్టిగా ఉన్న సుహైలి ఎక్కువగా ముందువెనుకలకు ఊగేది. అయితే నిండు వెడల్పు వలన తన పొడవుకు మించిన చోటు సుహైలిలో ఉండేది.

పొడిగా ఉండడం మరొక ముఖ్యమైన సౌకర్యం. జాషువాలో లోపలి నుండే పడవను నడపడానికి ఒక చక్రం, దాని పైన చుట్టూ చూడడానికి వీలుగా చిన్న లోహపు గోపురం ఉండేవి. చలిలో, వానలో నావికుడు బయట తడవకుండా లోపల కూర్చొని కాపలా కాయగలిగేవాడు. సుహైలిలో ఇట్టి ఏర్పాటు లేదు. అంతేకాక 1968 సెప్టెంబరులో గుడ్ హోప్ అగ్రానికి చేరువలో ఒక పెద్ద అల సుహైలిని పక్కకు పడవేసినపుడు పైగది గోడలు కదలి, అతుకుల వద్ద పగుళ్ళు ఏర్పడినవి. అటుపై లోపలికి నీరు కారడం నిత్యకృత్యమైనది. ఇంకొక పెద్ద అల వస్తే పైగది ఊడిపోతుందేమోనన్న భయం నావికుని వదలలేదు.

ఉక్కుకు కూడా దాని ఇబ్బందులున్నవి. ఎండలో అది వేడెక్కుతుంది, చలిలో లోపలి గోడలపై తేమ చెమటవలె చేరుతుంది. దిక్సూచి ముల్లును ఉక్కు పక్కకు లాగుతుంది కనుక దానిని జాగ్రత్తగా సరిదిద్దుకోవాలి. గీత పడిన ప్రతిచోట తుప్పు మొదలవుతుంది. కాని చక్కగా అతికిన ఉక్కు దేహం కారదు. జాషువా ఇచ్చిన పెద్ద సౌఖ్యం ఈ నిశ్చింతయే.

పడవలో నివాసం

నీరు: ఒంటరి నావికుని ప్రయాణపు హద్దును నిర్ణయించేది తాగునీరు. సుహైలి పక్కకు పడిన సంఘటన తరువాత తొట్లలోని నీరు కలుషితమైనట్లు నాక్స్-జాన్‌స్టన్ గుర్తించాడు. అప్పటి నుండి అతడు తెరచాపలపై నుండి జారే వాననీటిని పట్టుకొని గడపవలసి వచ్చినది. మ్వాతెస్యే కూడా చాప అడుగున బకెట్టు వేలాడదీసి వాననీరు పట్టేవాడు.

చుక్కాని: ఒంటరిగా ఉన్న మనిషికి నిద్ర కావాలంటే, గాలి దిశను బట్టి చుక్కానిని తిప్పే స్వయంచాలక సాధనం ఉండాలి. సుహైలికి అమర్చిన సాధనం సంక్లిష్టమైనది. అది క్రమంగా దెబ్బతిని ఆస్ట్రేలియా దాటేసరికి పూర్తిగా పనికిరాకుండా పోయినది. మిగిలిన సగం ప్రపంచాన్ని నాక్స్-జాన్‌స్టన్ చాపలను సమతూకంగా సర్ది, చుక్కానిని కట్టివేసి, కొన్నిచోట్ల స్వయంగా పట్టుకొని దాటాడు. పొడవైన కీల్, రెండు కొయ్యల అమరిక ఉండడం వలననే ఇది సాధ్యమైనది. జాషువా సాధనం చాల సరళమైనది: గాలికి తిరిగే ఒక రెక్క, చుక్కాని చివర తగిలించిన ఒక చిన్న పలక. రెక్క విరిగినా వెంటనే మరొకటి తగిలించవచ్చును.

వార్తలు: సుహైలిలో రేడియో ఉన్నది, కాని పోటీ తొలి నెలలలోనే పాడైపోయినది. మ్వాతెస్యే రేడియో ప్రసార యంత్రాన్ని తీసుకొనడానికే నిరాకరించాడు. తన సందేశాలను డబ్బాలలో పెట్టి, దగ్గరగా వచ్చిన ఓడల పైకి ఉండేలుతో విసిరేవాడు.

మనసు: నెలల ఒంటరితనంలో పడవయే లోకము. మ్వాతెస్యే ప్రయాణంలో యోగాభ్యాసం చేసేవాడు. తన పడవలో జీవితం అతనికి ఎంత సహజమైపోయినదంటే, చివరకు తీరానికి తిరిగిపోవడమే అసహజమనిపించినది. నాక్స్-జాన్‌స్టన్‌కు పడవ ఒక కర్తవ్యస్థలము. ప్రతిదినం చేయవలసిన మరమ్మతుల జాబితా అతనిని నిలిపి ఉంచినది.

మరమ్మతు

సుహైలి ప్రయాణంలో అత్యంత ప్రమాదకరమైన ఘట్టం తొలి నెలలోనే వచ్చినది. కేప్ వర్దె దీవులకు దక్షిణంగా ఉండగా పడవలోకి నీరు ఎక్కువగా చేరసాగినది. నాక్స్-జాన్‌స్టన్ నీటిలో మునిగి చూడగా కీల్‌కు చేరువలో పలకల మధ్య సందు తెరచుకొన్నట్లు కనిపించినది. అతడు ఊపిరి బిగబట్టి పలుమార్లు మునుగుతూ ఆ సందులో దూది కూరి, దానిపై గుడ్డపట్టీని రాగి మేకులతో కొట్టి, రాగి రేకు కప్పాడు. మధ్యలో ఒక సొరచేప చుట్టూ తిరగగా దానిని తుపాకితో కాల్చవలసి వచ్చినది. ఈ మరమ్మతు లేనిచో ప్రయాణం అక్కడే ముగిసేది. కొయ్య పడవలోని లోపము, గుణము రెండూ ఈ సంఘటనలో కనిపిస్తాయి. పలకల అతుకులు కారుతాయి. కాని దూది, గుడ్డ, మేకులు, సుత్తి ఉంటే ఒక మనిషి వాటిని నడిసముద్రంలోనే బాగుచేయగలడు.

జాషువాకు కూడా ఆపద తప్పలేదు. 1968 అక్టోబరులో గుడ్ హోప్ అగ్రం వద్ద, ఒక సరుకు ఓడకు సందేశం అందిస్తుండగా, ఆ ఓడ వెనుక భాగం జాషువాకు తగిలినది. అణియం నుండి ముందుకు చొచ్చుకొని ఉండే ఉక్కు దూలం వంగిపోయినది. మ్వాతెస్యే కప్పీలు, తాళ్ళు, ఒక అదనపు దూలం ఉపయోగించి దానిని తిరిగి చక్కగా వంచుకొన్నాడు. కొయ్య దూలమైతే విరిగిపోయేది. ఉక్కు వంగింది కనుకనే దానిని సరిచేయగలిగాడు. అయితే దేహానికే రంధ్రం పడి ఉంటే అతుకువేసే యంత్రం లేకుండా శాశ్వతంగా బాగుచేయడం అతనికి సాధ్యం కాకపోయేది.

పోటీ ఫలితం

కేప్ హార్న్ దాటిన తరువాత జాషువా ఇంగ్లండు వైపు తిరిగి ఉంటే 5,000 పౌండ్ల బహుమతి దానికే దక్కే అవకాశం మెండుగా ఉండినది. కాని మ్వాతెస్యే పోటీని, దాని వెంట వచ్చే ఆర్భాటాన్ని వదలుకొన్నాడు. 1969 మార్చిలో కేప్ టౌన్ వద్ద ఒక ఓడకు ఉండేలుతో విసిరిన సందేశం ద్వారా ఈ నిర్ణయాన్ని తెలిపి, మరల తూర్పు దిశగా హిందూ మహాసముద్రంలోకి సాగిపోయాడు. 1969 జూన్ 21న తాహితి చేరాడు.

సుహైలి 1969 ఏప్రిల్ 22న తుప్పు మరకలతో ఫాల్మత్ రేవు చేరింది. నాక్స్-జాన్‌స్టన్ ఎక్కడా ఆగకుండా ఒంటరిగా భూమిని చుట్టిన మొదటి మనిషి అయ్యాడు. మరొక పోటీదారు నైజెల్ టెట్లీ నివసిస్తున్న మూడు దేహాల తేలిక పడవ, వేగం కోసం ఒత్తిడి చేయగా, గమ్యానికి సుమారు 1,100 మైళ్ళ దూరంలో విరిగి మునిగిపోయినది. టెట్లీ ప్రాణాలతో బయటపడ్డాడు. తప్పుడు స్థానాలను తెలిపి టెట్లీ ఆ ఒత్తిడికి లోను కావడానికి కారణమైన డొనాల్డ్ క్రోహర్స్ట్ తిరిగి రాలేదు. అతని పడవ 1969 జూలైలో ఖాళీగా దొరికినది. నాక్స్-జాన్‌స్టన్ తనకు వచ్చిన 5,000 పౌండ్లను క్రోహర్స్ట్ కుటుంబానికి ఇచ్చివేశాడు.

ఈ ఫలితాన్ని బట్టి జాషువా కంటె సుహైలి మంచి పడవ అని చెప్పరాదు. జాషువా ఓడిపోలేదు, దాని యజమాని మరొక దారి ఎంచుకొన్నాడు. వేగము, పొడిదనము, నిశ్చింత ఈ మూడింటిలోనూ జాషువాదే పైచేయి. సుహైలి నిరూపించినది మరొకటి: నెమ్మదిగా నడిచినా, కారినా, సాధనాలన్నీ ఒక్కొక్కటిగా పాడైనా, తనను తెలిసిన మనిషి చేతిలో మరమ్మతుకు లొంగే పడవ గమ్యం చేరగలదు. ఇద్దరు నావికులకూ పోటీకి ముందే తమ పడవలతో వేల మైళ్ళ పరిచయం ఉండడం గమనించదగినది.

తరువాతి చరిత్ర

1982 డిసెంబరులో మెక్సికోలోని కాబో సాన్ లూకాస్ వద్ద లంగరు వేసి ఉండగా తుఫాను వచ్చి జాషువాను, మరికొన్ని పడవలను ఒడ్డుకు విసిరివేసినది. కొయ్యలు విరిగి, లోపల ఇసుక నిండినా దాని ఉక్కు దేహం నిలిచినది. మ్వాతెస్యే దానిని నామమాత్రపు ధరకు ఇచ్చివేశాడు. తరువాత అది బాగుచేయబడి, 1990 లో ఫ్రాన్సులోని లా రోషెల్ సముద్ర మ్యూజియానికి చేరింది. 1993 లో ఫ్రాన్సు ప్రభుత్వం దానిని చారిత్రక కట్టడంగా గుర్తించింది. మ్వాతెస్యే 1994 లో మరణించాడు.

సుహైలి కొంతకాలం గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియంలో ఉన్నది. మ్యూజియపు పొడి గాలికి టేకు పలకలు కుంచించుకుపోవడం చూచి నాక్స్-జాన్‌స్టన్ దానిని వెనుకకు తీసుకొన్నాడు. దీర్ఘకాలపు మరమ్మతుల అనంతరం 2016 లో అది మరల నీటిలోకి దిగినది.

భారతదేశంతో సంబంధం

పాత పోటీకి 50 సంవత్సరాలు నిండిన సందర్భంగా 2018 లో గోల్డెన్ గ్లోబ్ పోటీని మరల నిర్వహించారు. పొడవైన కీల్ గల 32-36 అడుగుల పాత నమూనా పడవలకే అందులో ప్రవేశం. భారత నౌకాదళ అధికారి అభిలాష్ టోమీ, గోవాలో సుహైలి నమూనాపై నిర్మించిన తురీయ అను పడవతో పాల్గొన్నాడు. 2018 సెప్టెంబరులో దక్షిణ హిందూ మహాసముద్రంలో తుఫానుకు పడవ బోర్లాపడి, కొయ్యలు విరిగి, అతని వెన్నెముకకు తీవ్రమైన గాయమైనది. ఫ్రెంచి నౌక ఒకటి అతనిని రక్షించినది. మంచి నమూనా కూడా ప్రమాదాన్ని తగ్గించగలదే కాని పూర్తిగా తొలగించలేదని ఈ సంఘటన తెలుపుతున్నది. అభిలాష్ టోమీ 2022-23 పోటీలో మరొక నమూనాకు చెందిన బయానత్ అను పడవతో పాల్గొని రెండవ స్థానం పొందాడు.

తురీయను నిర్మించిన గోవా కర్మాగారంలోనే భారత నౌకాదళపు 56 అడుగుల తెరచాప పడవ తారిణి కూడా నిర్మింపబడినది. 2017 సెప్టెంబరు 10 నుండి 2018 మే 21 వరకు ఆరుగురు మహిళా అధికారులు దానిపై, నడుమ కొన్ని రేవులలో ఆగుతూ, భూమిని చుట్టివచ్చారు. వారిలో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన బి. ఐశ్వర్య తెలుగువారు.

ఇవి కూడా చూడండి

- తెరచాప
- కేప్ హార్న్
- జాషువా స్లోకం
- అభిలాష్ టోమీ
- ఐఎన్ఎస్‌వీ తారిణి